కొసరుకొచ్చిన సెల్లు

మార్కాపురం బజారులో కిరాణా కొట్టు నాగేశ్వర్లును మోసం చేయగలవాడు ఇంకా పుట్టలేదని ఊరంతా అనుకునేది. ఊరికంటే ముందు ఆయనే అనుకునేవాడు. వంకాయలు కొంటే కరివేపాకు కొసరు, కరివేపాకు కొంటే కొత్తిమీర కొసరు. చివరికి తెగిన చెప్పు కుట్టించుకున్నా, తెగని చెప్పుకు కూడా రెండు కుట్లు వేయించుకోనిదే కదిలేవాడు కాదు. బర్రెను కొనాలన్నా, పెళ్లికి బట్టలు తీయాలన్నా జనం ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. ఆ పేరే ఆయన ఆస్తి.

తన కొట్లో మాత్రం కొసరు సంగతి వేరు. బెల్లం కొన్నవాళ్ల చేతిలో చిన్న ముక్క పెట్టి, "పిల్లోళ్లకియ్యమ్మా, ఊరికే" అనేవాడు. ఆ ముక్క ఖరీదు బెల్లం ధరలో ముందే కలిపి ఉండేది. ఎక్కడైనా బావే గానీ వంగతోట దగ్గర కాదు కదా.

ఊళ్లోకి సెల్లుఫోన్లు కొత్తగా దిగిన రోజులవి. బస్టాండు పక్కన ఓ కంపెనీవాళ్లు దుకాణం తెరిచారు. అందులో పనిచేసే యేసుమణి, ఫోను కోసం వచ్చిన నాగేశ్వర్లుకు ఉన్నదున్నట్టే చెప్పింది.

"పెదనాయనా, రెండు రకాలుండాయి. ఫోను నువ్వు బయట కొనుక్కుంటే మేం కనెక్షన్ ఒకటే ఇస్తాం. నెల బిల్లు తక్కువ. ఫోను కూడా మాదే కావాలంటే ఇప్పుడు రూపాయి కట్టబన్లే గానీ, బిల్లు రెండింతలు వస్తది. మూడేండ్లు మానుకునేదానికి లేదు. ఆ ఫోన్లో వేరే కంపెనీ కార్డు పన్జేయదు."

"రూపాయి కట్టబన్లే" అన్న తర్వాత నాగేశ్వర్లు చెవులు ఇంకేమీ వినలేదు. వెంటనే బేరానికి దిగాడు. బిల్లు గురించి కాదు మహానుభావుడు, ఫోనుకు తొడిగే తోలు సంచి గురించి. అది కొసరుగా ఇవ్వాల్సిందేనన్నాడు. టీ తాగొచ్చి మళ్లీ అడిగాడు. ఆ పిల్ల విసుగెత్తి ఇచ్చేసింది. సంచిని మొలకు తగిలించుకుని బజారు నడిమధ్య ఆయన నడిచొచ్చిన తీరు చూడాలి, ఊరేగింపులో పెళ్లికొడుకు కూడా అలా నడవడు. ఫోను ఊరికే ఇచ్చారని, సంచి కొసరని కనపడ్డవాడికల్లా చెప్పాడు.

ఎదురుకొట్టు కృష్ణమూర్తి మాత్రం ఫోను విడిగా కొనుక్కుని కనెక్షన్ ఒకటే తీసుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన బిల్లెంతో వాళ్లింట్లో విని వచ్చింది నాగేశ్వర్లు భార్య రామతులసమ్మ.

"ఏందయ్యా, మనం నెలనెలా కడతా ఉండేది ఆ ఫోను ఖరీదే కదా? మన బెల్లం ముక్క మాదిరే ఉంది యవ్వారం" అంది.

నాగేశ్వర్లు చాటుగా లెక్క వేసి చూసుకున్నాడు, ఆమె చెప్పిందే నిజం. ఒప్పుకుంటే పేరు పోతుంది. పేరు పోతే బజారులో తననెవడు పిలుస్తాడు?

సరిగ్గా అప్పుడే చిన్నమల్లయ్య వచ్చాడు. యర్రగొండపాలెం అవతల అడవి అంచున ఉన్న గూడెం నుంచి ఏటా ఈయనకే చింతపండు వేసే మనిషి. "ధర కనుక్కుని సరుకు దించొచ్చని నేనూ ఫోను తీసుకుందామనుకుంటుండా. నీ మాదిరిదే తీసుకొమ్మంటావా అన్నా?" అని అడిగాడు. కొట్లో నలుగురున్నారు. నాగేశ్వర్లు ఆ నలుగురి మొహాలూ చూశాడు.

"తీసుకో మల్లయ్యా, ఊరికే వస్తది" అన్నాడు. ఛీ, ఆ ఒక్కమాట అనకుండా ఉండాల్సింది.

చింతపండు కాలంలో మల్లయ్య మళ్లీ వచ్చాడు. సరుకంతా కృష్ణమూర్తి కొట్లో దించి, ఉత్త చేతులతో ఇటొచ్చాడు.

"గూడెంలో సిగ్నలందక ఆ ఫోను పలకదన్నా. అక్కడ పలికే కంపెనీ కార్డు దాంట్లో ఎక్కదంట. బిల్లు మాత్రం మూడేండ్లు కట్టాలంట. నువ్వు మోసపోయినావంటే నాకు కోపం లేదు. నీకు అప్పటికే తెలుసని కృష్ణమూర్తి వాళ్లింట్లో చెప్పినారు. తెలిసీ నన్నెందుకు పంపినావు?"

నాగేశ్వర్లుకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోనే గల్లాపెట్టె ముందు నుంచి లేచి బజారుకు వినపడేట్టు చెప్పాడు. "నేను మోసపోయినా. అది ఊరికే ఇచ్చే ఫోను కాదు. ఎవరూ తీసుకోబాకండి."

బట్టల కొట్టు ఆంజనేయులు పకపకా నవ్వాడు. "మామను మోసం చేసేవాడు కూడానా? ఏదో ఇంకా మంచి స్కీము వచ్చుంటది. మనకు దక్కకుండా చూస్తా ఉండాడు."

మధ్యాహ్నానికల్లా యేసుమణి దుకాణం ముందు జనం నిలబడ్డారు. నాగేశ్వర్లు చెమటలు కక్కుకుంటూ వెళ్లి వద్దని బతిమాలాడు. ఆయన వద్దన్నకొద్దీ ఇంకా నలుగురు చేరారు. చివరికి దిక్కుతోచక, పక్కనే చూస్తూ నిలబడ్డ మల్లయ్య చేయి పట్టుకున్నాడు.

"నువ్వన్నా నన్ను నమ్ము మల్లయ్యా. నీ బిల్లు మూడేండ్లూ నేనే కడతా."

మల్లయ్య మెల్లగా చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఎందుకు కడతావన్నా? ఇందులో నీకేం లాభం?"