కండక్టర్ అనంతమ్మ, విమానం ఆలస్యం బీమా

ఇబ్రహీంపట్నం డిపోలో అనంతమ్మది ఇరవై ఆరేళ్ల కండక్టర్ సర్వీసు. అందులో సగానికి పైగా మంచాల బండి మీదే గడిచింది. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె మానని అలవాట్లు రెండు. బండి కదిలిన టైము చిన్న నోటుబుక్కులో రాసుకోవడం ఒకటి. చేతికొచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి మొత్తం చదవడం రెండోది. మందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీ, విత్తనాల సంచి మీద అడుగున ఉండే సన్నక్షరాలు, పెళ్లిపత్రిక చివర ప్రెస్సు వాడి ఫోన్ నంబరు, ఏదీ వదిలేది కాదు.

"ముందల పెద్దగ రాసింది అందరు చదువుతరు. మనల్ని ఆపే ముచ్చట ఎనక సిన్నగ ఉంటది" అనేది, డ్యూటీలో టికెట్టు వెనక నిబంధనలు ప్రయాణికులకి చదివి వినిపిస్తూ.

ఆమె భర్త జంగా మంచాల మనిషి. నాలుగెకరాల చెలక, రెండు బర్రెలు ఆయన లోకం. కాపురం ఇబ్రహీంపట్నంలో ఉన్నా పొద్దున్నే భార్య బస్సులోనే, టికెట్టు తీసుకునే, చెలకకి పోయేవాడు. అవి భూముల రేట్లు రోజుకో తీరుగా ఎగురుతున్న రోజులు. మన్నెగూడ దగ్గర మొదలైన ప్లాట్ల హద్దురాళ్లు ఏటా కాస్త కాస్త జరుగుతూ మంచాల వైపు వచ్చాయి. ఒక ఏడాది జంగా కూడా అర ఎకరం అమ్మాడు. ఇంటి మీద అంతస్తు వేసి, గేటుకి నీలం రంగు కొట్టించాక, మనసులో మాట బయటపెట్టాడు.

"నాకు మంచు జూడాలని ఉన్నదే."

"ఫ్రిజ్జు తలుపు తియ్యి, కనబడ్తది."

"గా మంచు కాదు. కొండ మీద, కాళ్లు కూరుకపోయేంత. ఇమానంల పోదాం."

పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో తన కోసం ఆయన అడిగిన పెద్ద కోరిక అదొక్కటే. అనంతమ్మ కాదనలేకపోయింది.

అదే వారం జీతాల పని మీద బ్యాంకుకి పోతే, అక్కడ పనిచేసే సుశాంత్ ఆమెకో క్రెడిట్ కార్డు అంటగట్టాడు. సుశాంత్ వాళ్లది గోదావరి వైపు. తండ్రి వీర్రాజు పెద్ద అంబర్‌పేట్‌లో పెయింట్ల దుకాణం పెట్టి స్థిరపడ్డాడు. "తీసుకోండి ఆంటీ, చక్రాల సూట్‌కేసు ఫ్రీగా ఇస్తున్నామండి" అన్నాడు. సూట్‌కేసు కోసం ఆమె సంతకం పెట్టింది. కార్డుతో పాటు నలభై ఎనిమిది పేజీల పుస్తకం ఒకటి వచ్చింది. ఆ పుస్తకాన్ని ఎవరైనా చదువుతారని బ్యాంకు కూడా అనుకుని ఉండదు.

అనంతమ్మ ఇంటర్ చదివిన ఇంగ్లీషుతో, తెలియని మాటల కింద పెన్సిలు గీతలు పెట్టుకుంటూ, తొమ్మిది రోజుల్లో దాన్ని పూర్తిచేసింది. పదో రోజు సుశాంత్ కౌంటర్ ముందు నిలబడింది.

"బిడ్డా, ముప్పై ఒకటో పేజీ తియ్యి. ఇమానం ఆలిశమైతే తిండి కర్సు, రూము కర్సు ఇస్తమని రాసిన్రు. నిజమేనా?"

"నిజమే అయ్యుంటుందండి."

"అయ్యుంటదా, అయితదా?"

సుశాంత్ ఆ పేజీని తన ఉద్యోగంలో మొదటిసారి చూశాడు. ఇద్దరూ కలిసి చదివారు. టికెట్టు డబ్బు మొత్తం ఈ కార్డు మీదే కట్టాలి. విమానం ఆరు గంటలకి మించి ఆలస్యం కావాలి. ఎందుకు ఆలస్యమైందో, ఎంతసేపైందో విమానం వాళ్లు కాగితం రాసివ్వాలి. పెట్టిన ఖర్చుకి బిల్లులుండాలి. ప్రయాణం రద్దు చేసుకుంటే ఇచ్చే పరిహారానికి వేరే లెక్క ఉంది, అది ముప్పై మూడో పేజీలో.

"ఆరు గంటలకి ఒక్క నిమిషం తక్కువైతే?"

"రాదండి."

"మంచిది. గట్లనే ఉండాలె" అంది అనంతమ్మ. నియమం గట్టిగా ఉంటే ఆమెకి గౌరవం.

డిసెంబరులో చండీగఢ్‌కి రెండు టికెట్లు కార్డు మీద కొన్నారు. అక్కడినుంచి కొండల మీదికి బస్సు. ప్రయాణం నాలుగు రోజులుందనగా జంగా పెద్ద బర్రె ఈనింది. దూడ అడ్డం తిరిగి, పశువుల డాక్టరు మూడు గంటలు తంటాలు పడ్డాడు. తల్లీ దూడా దక్కాయి గానీ, బర్రె లేచి నిలబడే దాకా తాను కొట్టం వదలనని జంగా మంకుపట్టు పట్టాడు. అనంతమ్మ ముప్పై మూడో పేజీ ముందు పెట్టుకుని, అక్కడున్న నంబరుకి ఫోన్ చేసింది. తెలుగు మాట్లాడే అమ్మాయే దొరికింది.

"మా ప్రయాణం రద్దు చేసుకుంటున్నమమ్మా. ఇంట్ల పానం బాగలేదు."

"అయ్యో. పేషెంటు వయసెంత మేడమ్?"

"ఆరేండ్లు."

"చిన్న పాపా మేడమ్? హాస్పిటల్లో చేర్చారా?"

"దవాఖానకు ఎట్ల తీస్కపోతం? డాక్టరే ఇంటికొచ్చిండు. కాన్పు మస్తు కష్టమైంది."

అవతల ఆ అమ్మాయి ఇంకొకరిని పిలుస్తున్నట్టు చిన్న గుసగుస వినపడింది.

"బర్రెనమ్మా" అంది అనంతమ్మ.

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని, కార్డుదారుగానీ భర్త, పిల్లలు, తల్లిదండ్రులు గానీ ఆసుపత్రిలో చేరితే, లేదా చనిపోతే, లేదా ఇంటికి వరదో అగ్ని ప్రమాదమో జరిగితేనే రద్దుకి పరిహారం వస్తుందని ఓపికగా చెప్పింది. పక్కనే ఉన్న జంగా ఫోన్ వైపు వంగి, "బర్రె మా ఇంట్ల మనిషే గదమ్మా, రాసుకో" అన్నాడు. ఆ అమ్మాయి సారీ చెప్పింది.

రద్దు కింద విమానం వాళ్లు తిరిగిచ్చింది నామమాత్రం. జంగా అందరినీ తిట్టాడు. అనంతమ్మ మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. "రాసి పెట్టిన్రు. అండ్ల బర్రె లేదు. నేను ముందలనే చూసిన, నీ కోసం అడిగిన" అంది.

జనవరి చివర మళ్లీ టికెట్లు కొన్నారు, మళ్లీ కార్డు మీదే. బర్రెల్ని జంగా తమ్ముడు తిరుమల్‌కి అప్పజెప్పారు. తెల్లవారకముందే బొంగుళూరు దగ్గర రింగ్ రోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికి, ఏడు పదికి పోవలసిన విమానం ఎదురుగా బోర్డు మీద ఎర్రక్షరాల్లో ఆలస్యమని రాసి ఉంది. చండీగఢ్‌లో పొగమంచు. జంగా సంతోషించాడు. "చూసినవా, మంచు ఇప్పటిసంది ఎదురొస్తున్నది" అన్నాడు.

ఎనిమిదిన్నరకి ఆకలైంది. జంగా సంచిలోంచి జొన్నరొట్టెల మూట తీశాడు. అనంతమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"రొట్టెలకు బిల్లు రాదు. కొనుక్కొని తిందాం, బిల్లు తీస్కుందాం. ఆరు గంటలు దాటితే అన్నీ ఇస్తరు."

"దాటకపోతే?"

"దాటకపోతే మన పైసలు పోతయి."

రొట్టెలు మళ్లీ సంచిలోకి పోయాయి. అక్కడి హోటల్లో ఆమె ఇడ్లీ, కాఫీ తీసుకుంది. జంగా మసాలా దోశ, జిలేబీ, మొహమాటం లేకుండా రెండు టీలు తీసుకున్నాడు. అంతా ఒకే బిల్లు. ఆమె దాన్ని నోటుబుక్కులో మడత పడకుండా పెట్టింది.

పది దాటింది, పదకొండు దాటింది. జనం విసుక్కుంటున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. పన్నెండుకి మైకులో, పొగమంచు తగ్గింది, పన్నెండున్నరకి ఎక్కిస్తామని చెప్పారు. హాలంతా చప్పట్లు. అనంతమ్మ ఒక్కతే గడియారం చూసి మొహం ముడుచుకుంది. ఏడు పదికి ఆరు గంటలు కలిపితే ఒకటీ పది. ఇప్పుడెక్కిస్తే కొద్ది నిమిషాల తేడాలో బిల్లు చిత్తుకాగితం అయిపోతుంది.

మరుక్షణమే ఆమెకి సిగ్గేసింది. తన బస్సు పావుగంట ఆలస్యమైతే జనం తనని ఏమన్నారో, తాను వాళ్లకి ఏం సమాధానం చెప్పిందో గుర్తొచ్చింది. ఇంతమంది పోవాలని చూస్తుంటే తానొక్కతే ఇంకాస్త ఆగాలని దేవుణ్ని అడుగుతోంది.

లైను కదిలింది. ఎక్కేవాళ్లంతా ఎక్కారు. అప్పుడు చూసుకుంటే పక్కన జంగా లేడు. బాత్రూమ్‌కి పోయొస్తానని పోయి ఇరవై నిమిషాలైంది. ఫోన్ చేస్తే సంచిలో మోగింది.

"ఒక్క ప్యాసింజర్ తక్కువున్నారు మేడమ్. ఐదు నిమిషాల్లో గేటు మూసేస్తాం" అంది గేటు దగ్గరి అమ్మాయి.

అనంతమ్మ గడియారం పన్నెండూ నలభై ఎనిమిది చూపిస్తోంది. ఆయన ఇంకో పావుగంట రాకపోతే, వీళ్లు పోనీలే పాపమని ఆగితే, తలుపు మూసి కదిలేసరికి ఒకటీ పది దాటుతుంది. ఈ ఆలోచన ఆమెకి రాలేదని చెప్పడం అబద్ధం. వచ్చింది, ఒక గుటక మింగేంతసేపు ఉంది. తర్వాత, ఇన్నేళ్లలో టీ కొట్టు దగ్గర నిలబడి "ఆగక్కా, ఒస్తున్న" అంటూ బండినిండా జనాన్ని ఎండలో కూర్చోబెట్టాలని చూసిన మగవాళ్ల మొహాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాళ్లలో ఒక్కడి కోసం కూడా ఆమె బండి ఆపలేదు.

"పేరు పెట్టి గట్టిగా పిలవండి మేడమ్, దగ్గర్లోనే ఉంటారు" అంది ఆ అమ్మాయి.

అనంతమ్మ నోరు తెరిచింది గానీ పేరు రాలేదు. పెళ్లయిన నాటినుంచి ఆయన పేరు ఆమె నోట పలకలేదు. నలుగురిలో ఇప్పుడు ఎలా పలకడం? ఆమె కొంగు బిగించి, రెండడుగులు ముందుకేసి, తనకి వచ్చిన పిలుపే పిలిచింది.

"మంచాల, మంచాల, మంచాల. ఆఖరి బండి. మంచాల ఉన్నరా, మంచాల."

ఇరవై ఆరేళ్లు ఇంజను మోత మీద పలికిన గొంతు అది. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. దూరంగా, డబ్బులేస్తే ఒళ్లు పిసికే కుర్చీలో గురకపెడుతున్న జంగా దిగ్గున లేచి, ఒక చెప్పు కాలికీ ఒకటి చేతిలోనూ ఉండగా, పరుగున వచ్చాడు.

"నిద్దర్ల మన బస్సు పోతున్నదనుకున్న" అన్నాడు రొప్పుతూ.

"ఆ కుర్చీకి బిల్లు తీస్కున్నవా?"

ఆయన జేబులోంచి నలిగిన చీటీ తీసిచ్చాడు.

పన్నెండూ యాభై ఎనిమిదికి విమానం తలుపు మూశారు. ఇక కదిలిపోతుందని, అనంతమ్మ బిల్లు డబ్బుల మీద ఆశ వదులుకుని బెల్టు పెట్టుకుంది. కదల్లేదు. ముందు ఇంకా చాలా విమానాలున్నాయట, వంతు రావాలట. ఒకటీ ఐదు. ఒకటీ పది. ఒకటీ పదకొండు. చుట్టూ అందరూ ఉసూరుమంటూ ఉంటే ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఆలస్యానికి క్షమించమంది.

"పర్వాలేదు బిడ్డా, నిమ్మలంగనే పోండ్రి" అంది అనంతమ్మ. ఆ రోజు ఆ మాటన్నది ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఒకటీ ఇరవై ఒకటికి విమానం నిలబడ్డచోటు వదిలింది. నోటుబుక్కులో రాసుకుంది.

కొండల మీద మంచు మోకాలి దాకా ఉంది. జంగా దోసిట్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. కళ్లు తడయ్యాయి. తర్వాత, "చేతులు మొద్దుబారినయే, టీ తాగుదాం" అన్నాడు. అక్కడ అద్దెకి తీసుకున్న కోట్లే ఐదు రోజులూ తొడుక్కుని తిరిగి, ఇంటికొచ్చారు.

అనంతమ్మ విమానం వాళ్లకి ఉత్తరం రాసి కాగితం తెప్పించింది. పొగమంచు వల్ల ఆలస్యం, బయల్దేరింది ఒకటీ ఇరవై ఒకటికి అని అందులో ఉంది. ఆమె నోటుబుక్కులోనూ అదే నిమిషం. టికెట్టు, కార్డు స్టేట్‌మెంటు, బిల్లులు అన్నీ జతచేసి బీమా కంపెనీకి పంపింది. పది రోజులకి జవాబొచ్చింది. ఆలస్యం ఒప్పుకున్నాం, కానీ ఈ కార్డు మీద బీమా కార్డుదారుకి మాత్రమే, బిల్లులో ఇద్దరి తిండి ఉన్నట్టుంది, మీరు తిన్నవేవో చెప్పండి అని.

అనంతమ్మ పుస్తకం తీసింది. ఇరవై తొమ్మిదో పేజీ అడుగున ఆ మాట ఉంది. దాని కింద ఆమె పెన్సిలు గీత కూడా ఉంది. గీత పెట్టి, అర్థం తర్వాత చూద్దామని మరిచిపోయింది. ఆమె జీవితంలో చదివి వదిలేసిన వాక్యం అదొక్కటే, ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు బ్యాంకుకి పోయి చూపిస్తే సుశాంత్ తేలిగ్గా తేల్చేశాడు. "అన్నీ మీరే తిన్నారని రాసేయండి ఆంటీ. ఎవరు చూడొచ్చారండి?"

"అవ్, రాయి" అన్నాడు వెంట వచ్చిన జంగా. "ఆకలైంది, తిన్నవ్. తప్పేంది?"

"ఇరవై ఆరేండ్లల్ల టికెట్ లేనోన్ని ఒక్కన్ని కూసోనియ్యలె నా బండ్ల. నీ దోశను నా పేరు మీద ఎక్కిస్తనా?"

సుశాంత్ తలవంచుకుని కంప్యూటర్లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

ఆమె తెల్లకాగితం మీద రాసింది. ఇడ్లీ ఒక ప్లేటు, కాఫీ ఒకటి నావి. మసాలా దోశ, జిలేబీ, రెండు టీలు మా ఇంటాయనవి. ఒళ్లు పిసికే కుర్చీలో నేను కూర్చోలేదు. కింద సంతకం, స్టాఫ్ నంబరుతో సహా.

వారం తర్వాత బీమా కంపెనీ నుంచి సామ్యేలు అనే అధికారి స్వయంగా ఫోన్ చేశాడు.

"అనంతమ్మ గారూ, మీ ఇడ్లీ, కాఫీ డబ్బు పంపిస్తున్నామండి. ఉత్తరం మా సెక్షన్లో అందరం చదివాం. పదకొండేళ్లుగా ఈ సీట్లో ఉన్నాను, దోశ నాది కాదని రాసినవాళ్లు ఎవరూ తగల్లేదు."

"మంచిది సారూ. మీ పుస్తకంల ముప్పై నాలుగో పేజీల ఒకటే నియమం రెండుసార్లు అచ్చయింది. ఒకటి తీసెయ్యిండ్రి."

ఆయన రాసుకున్నాడు.

డబ్బు పడింది. తన దోశ సంగతి మాత్రం జంగా మనసులో ఉండిపోయింది. రెండు రోజులకి, "నా పేరు మీద గూడ ఒక కార్డు తీస్తే, మల్లొకసారి ఆలిశమైతే నా తిండి గూడ లెక్కకొస్తదా?" అని అడిగాడు.

"వస్తది. కాని సంతకం పెట్టే ముందల పుస్తకం మొత్తం వినాలె."

ఆయన సరేనన్నాడు. సుశాంత్ ఫారం, దానితో పాటు పుస్తకం పంపాడు. ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీలేసుకుని అనంతమ్మ చదువుతూ, తెలుగులో చెబుతూ వచ్చింది. జంగా పదకొండో పేజీ దగ్గర నిద్రపోయాడు. ఆమె ఫారం మడిచి లోపల పెట్టింది. మర్నాడు డ్యూటీ దిగి వచ్చాక ఆయన్ని కూర్చోబెట్టి మళ్లీ మొదటి పేజీ నుంచి చదివింది.