చాచా కంప్యూటర్‌కు నేను చేసిన ఆపరేషన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, జబ్బు లక్షణం చెప్పుకోవడం. ఇరవై ఏళ్ల వయసులో చాలామందికి ఈ జబ్బు తగులుతుంది, పెళ్లయ్యాక మందు లేకుండానే నయమైపోతుంది. నా విషయంలో కొంచెం ముదిరింది, ఎందుకంటే నా దగ్గర సర్టిఫికెట్ కూడా ఉండేది. నిజామాబాద్‌లో మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు ఫస్ట్ క్లాసులో పాసయ్యానని దాని మీద బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంది. (ఆ కోర్సులో విప్పి చూపించడానికి ఉన్నది ఒక్క కంప్యూటర్, చూడడానికి నలభై మంది. నేను ఆఖరి వరసలో నిలబడేవాణ్ని. మూడు నెలల్లో నేను క్షుణ్ణంగా చదివింది ముందున్నవాళ్ల తలకాయల వెనక భాగం.)

ఆ బంగారు అక్షరాలు చూసి మోసపోయిన మొదటి మనిషి చాచా. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆయనకు జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం ఉండేది. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, కానీ ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన చాచానే. దుకాణం వెడల్పు మంచమంత. అందులో ఒక జిరాక్స్ మిషను, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్, మేమిద్దరం. కంప్యూటర్‌ను ఆయన ముట్టుకునేవాడు కాదు. "నేను జిరాక్స్ మనిషిని బేటా. అద్దం మీద కాగితం పెట్టుడు, బటన్ ఒత్తుడు, గంతే. గా డబ్బా మొత్తం నీ జిమ్మ" అని నాకు అప్పగించి, ఇంజినీర్ సాబ్ అని పేరు కూడా పెట్టాడు. మొదట్లో ఆ పేరు నిజంగా గౌరవంతోనే పిలిచేవాడు.

నేను చెప్పబోయేది దసరా మర్నాటి సంగతి. దసరా మర్నాడంటే మా దగ్గర ఊరంతా మటన్ తిని కాళ్లు చాపుకునే రోజు. బజారులో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. చాచాకు ఆ పండగ ఫికర్ లేదు గనుక తొమ్మిదింటికే తెరిచాడు. కాసేపటికి నస్రుల్లాబాద్ అవతలి తండా నుంచి ఒక తల్లీ కూతురూ ఆటో దిగారు. పిల్ల నర్సింగ్ కాలేజీలకు ఆప్షన్లు పెట్టుకోవాలి, ఆ సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది. సర్టిఫికెట్లన్నీ అంతకుముందు వారమే మేమే స్కాన్ చేసి, ఆమె పాస్‌వర్డ్‌తో సహా మా కంప్యూటర్లో దాచాం. పాస్‌వర్డ్ ఇంకెక్కడా రాసిపెట్టుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పింది కూడా నేనే. ఇప్పట్లా చేతిలో ఫోనుతో పని జరిగిపోయే కాలం కాదది.

"అన్నా, ఇయ్యాల పెట్టకపోతే ఇగ మళ్ల యేడుదాక లేదంట. గప్పటిదాక యాడితోని కోతలకు పోవుడే" అంది పిల్ల. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ యాడి ఆరోజు వరికోత విడిచిపెట్టి వచ్చి, స్టూలు మీద కాకుండా గడప పక్కన నేల మీద కూర్చుని మమ్మల్నందరినీ చూస్తోంది. "చిటికెల పని" అని నేను స్విచ్చి నొక్కాను.

కంప్యూటర్ లేచింది, కానీ సగమే లేచింది. రోజూ వచ్చే పచ్చటి కొండ బొమ్మకు బదులు నీలం రంగు తెర వచ్చి, దాని మీద ఇంగ్లిషులో ఏవేవో పట్టికలు నిలబడ్డాయి. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ నీలమే. పక్కన ఒక్కటిచ్చాను. (అది కోర్సులో లేదు, మా ఇంట్లో రేడియోకు మా నాయన చేసే వైద్యం.) నీలమే. ఏ వస్తువైనా చెడిపోతే ముందు దాని జోలికి నిన్న ఎవరు వెళ్లారు, ఏం చేశారు అని అడగాలి. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది స్క్రూడ్రైవర్ ఒక్కటే. మూత విప్పేశాను.

విప్పాక ఆ మూడు నెలలూ తలకాయల చాటున జరిగినదంతా మొదటిసారి స్పష్టంగా చూశాను. అదొక ఊరు. ఏ సందు ఎటు పోతుందో తెలియదు. అయినా పిల్ల చూస్తోంది కదా, ఆగకూడదు. మెమరీ ముక్క పీకి పెన్సిలు రబ్బరుతో రుద్దాను. ఫ్యాన్‌లోని దుమ్ము ఊదితే అది సరాసరి చాచా చాయ్‌లో పడింది. గుండీలాంటి బ్యాటరీ తీసి, లాగుకు తుడిచి, మళ్లీ పెట్టాను. తీగలన్నీ పీకి, వచ్చిన చోటే పెట్టానని నమ్మి పెట్టాను. ప్రతిసారీ స్విచ్చి వేయడం, నీలం తెర రావడం.

"క్యా హువా, ఇంజినీర్ సాబ్?" అన్నాడు చాచా. ఇప్పుడు ఆ పిలుపులో గౌరవం కొంచెం పలచబడింది.

"మదర్‌బోర్డ్ గరమైంది చాచా. జర ఆగితే చల్లబడ్తది."

"పొద్దటిసంది గదే ఆగుతున్నం. నీతోని అయితదా కాదా, సాఫ్ చెప్పు. ఆ పిల్ల బతుకుతోని ఆట కాదిది."

అవుతుందన్నాను. కాదని చెప్పడం నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు. చాచా తెలిసిన దుకాణదారులందరికీ ఫోన్ చేశాడు. ఒకడు అత్తగారింట్లో, ఒకడు నిద్రలో. పైగా ఎక్కడికి పోయినా పాస్‌వర్డ్ మా డబ్బాలోనే ఉంది. మధ్యాహ్నం రెండయింది, మూడున్నరయింది. పిల్ల అడగడం మానేసి గోడ గడియారం చూడడం మొదలుపెట్టింది. నేను మొహం డబ్బాలోనే దాచుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తుందేమోనని భయం కాదు, ఆమె కంటే ముందు నేను ఏడుస్తానేమోనని.

బల్ల మీద చోటు చాలక కీబోర్డును స్టూలు మీదకు జరిపాను. అది యాడి కళ్ల ముందుకు వచ్చింది. ఆమె దాని వైపు కాసేపు చూసి, వంగి, కూతురితో తమ భాషలో ఏదో అంది. పిల్ల పెదవి కొరుక్కుంది.

"ఏమంటుందమ్మా?" అన్నాను విసుగ్గా.

"ఏం లేదన్నా. దీంట్ల బియ్యం ఎందుకు పోసిర్రు అంటుంది."

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు దసరా. పనిముట్లకు పూజ చేసే రోజు. మా నాయన నాగలికి చేస్తాడు, మామ ట్రాక్టర్‌కు చేస్తాడు, నేను మాత్రం తక్కువ తిన్నానా? చాచాను అడిగితే, "నీ పనిముట్టు, నీ ఇష్టం బేటా. కొబ్బరికాయ మాత్రం దాని మీద కొట్టకు" అన్నాడు. కొట్టలేదు. బొట్టు పెట్టి, బంతిపూలు పెట్టి, అమ్మ ఇచ్చిన పసుపు అక్షింతలు గుప్పెడు తీసుకుని పెళ్లికొడుకు నెత్తిన చల్లినట్టు కీబోర్డు మీద చల్లాను. చల్లగా చూడమని అమ్మవారికి దండం కూడా పెట్టుకున్నాను.

యాడి రవికెకున్న పిన్నీసు తీసింది. జీవితమంతా చేటలో బియ్యం ఏరిన చెయ్యి అది. ఒక మూల నొక్కుకుపోయి ఉన్న మీట కింద నుంచి ఒక గింజ, పక్కసందులోంచి ఇంకో రెండు బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది. టప్పున మీట పైకి లేచింది. కంప్యూటర్ లేచేటప్పుడు సెట్టింగులు తెరవడానికి నొక్కే మీట అది. దాన్ని పొద్దున్నుంచీ ఎవరో అదేపనిగా నొక్కుతున్నారనుకుని పాపం ఆ కంప్యూటర్ ప్రతిసారీ నీలం తెర తెస్తోంది. స్విచ్చి వేశాను. పచ్చటి కొండ వచ్చింది. "గిదేనా?" అంది యాడి.

నాలుగూ నలభైకి ఆప్షన్లన్నీ పెట్టి, కాగితం తీసి పిల్ల చేతిలో పెట్టాను. జిరాక్స్ మిషను దగ్గర్నుంచి చాచా, "ఏమైండె ఆఖరికి?" అనడిగాడు. "మదర్‌బోర్డ్ చాచా. సెట్ చేసిన" అన్నాను, సిగ్గులేకుండా. పిల్ల నా మొహం చూసి, కాగితం మడిచి పెట్టుకుంది. పోతూ పోతూ బల్ల దగ్గర ఆగి మెల్లగా అడిగింది.

"అన్నా, నీ కోర్సు ఎన్ని నెలలు?"

"మూడు."

"మాది నాలుగేండ్లంట. మంచిదే అయ్యింది. పానం బాగలేదని వచ్చినోన్ని పొద్దుగాల్నే కోసి, పొద్దుమీకి ఏమైందని అడిగితే బతుకడు గద."

నెలన్నర తర్వాత సీటొచ్చిందని ఫోన్ చేసింది. చాచా ఆ సంతోషంలో వచ్చిన ప్రతి మనిషికీ చెప్పడం మొదలుపెట్టాడు: "మా ఇంజినీర్ సాబ్ గా పొద్దు మదర్‌బోర్డ్ బాగు చెయ్యకపోతే పిల్లకు సీటెక్కడిది?" రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు నా వల్ల కాలేదు. దుకాణంలో ఎవరూ లేనప్పుడు జరిగిందంతా చెప్పి, తల దించుకుని నిలబడ్డాను.

"మాలూం బేటా" అన్నాడు చాచా, కాగితాలు సర్దుకుంటూ. "గీ దుకాన్ల నువ్వు దగ్గితే నాకు తుంపర పడ్తది. నాకు కనవడలేదనుకున్నవా?"

"మరి అందరికి అట్ల చెప్తున్నవేంది?"

"నీది చిన్న ఉమర్. గీ ఉమర్ల ఇజ్జత్ పోతే మనిషి ఇగ స్విచ్చి ముట్టడు. నేర్చుకో, నేర్చుకునేదాంక నేను చెప్పుకుంట ఉంట."

నిజంగానే నేర్చుకునేదాకా చెప్పాడు. ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది, నెత్తి మీద తెల్ల వెంట్రుకలున్నాయి, నాకు తెలియని విషయాలు రోజుకు పది తేలుతున్నాయి. అప్పుడప్పుడు ఆ ఇరవై ఏళ్లవాడు గుర్తొస్తాడు, స్క్రూడ్రైవర్ పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఇంకా అవుతుందనే అంటూ. ఎదురుపడితే ఒక మొట్టికాయ వేసి, చాయ్ తాగిద్దామనిపిస్తుంది. చాచా అయితే ఆ మొట్టికాయ కూడా వేసేవాడు కాదు.