దూడ మెడలో నల్ల పట్టీ

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. పుంగనూరులో మా దూడకు కూడా తెలుసు. ఆ కోపంలో నేను అన్న ఒక మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అది చెప్పాలంటే ముందు రబ్బరు సంగతి చెప్పాలి.

మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, డాక్టరేటు కోసం రబ్బరు చెయ్యి ఒకటి తయారు చేస్తున్నాను. గాలి ఊదితే దాని వేళ్లు మెత్తగా వంగి టమాటాను పట్టుకుంటాయి. వేలు ఎంత వంగిందో తెలియకపోతే టమాటా కాస్తా పచ్చడవుతుంది. అందుకని ప్రతి వేలి వీపు మీదా ఒక నల్ల పట్టీ అతికించాలి. సిలికాన్ రబ్బరులో మసిలాంటి కార్బన్ పొడి కలిపి పోసిన పట్టీ అది. దాంట్లో కరెంటు పారుతుంది. సాగదీస్తే లోపలి రేణువులు ఎడంగా జరిగి కరెంటుకు అడ్డు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మీటరులో ఆ అంకె చూసి వేలి వంపు చెప్పేయొచ్చు.

చెప్పడానికేం, తేలికే. పొడి తక్కువైతే కరెంటు పోదు, ఎక్కువైతే పట్టీ సాగకుండా పుటుక్కున తెగుతుంది. నానా తంటాలు పడి పాళ్లు కుదుర్చుకుంటే అప్పుడు కొత్త రోగం పట్టుకుంది. సాగదీసి వదిలాక అంకె మొదటి చోటికి తిరిగి రాదు. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. నలిగిన టమాటాలన్నీ అమ్మకు చేరేవి కాబట్టి మా ఇంట్లో ఏ పూట చూసినా టమాటా పచ్చడే. కుప్పంలో ఉండే మా గైడు ఓపికమంతుడే గానీ, చివరికి ఆయనా తేల్చేశాడు. వచ్చే సమీక్షలో అంకె నిలకడగా రాకపోతే ఈ అంశం వదిలేసి కొత్తది మొదలుపెట్టాలి. అంటే మూడేళ్ల పని గంగలో కలిసినట్టే.

సమీక్షకు ముందు ఆదివారం ఇంటి వసారాలో కూర్చుని ఒక పట్టీ పోశాను. అచ్చులోంచి తీసి, కడిగి, బట్టలారేసే తీగకు తగిలించి, పరీక్షల డ్యూటీకి మదనపల్లె వెళ్లిపోయాను. శుక్రవారం తిరిగొస్తే తీగ మీద తువ్వాలు ఉంది, పట్టీ లేదు. మర్నాడే సమీక్ష.

"అమ్మా, ఈడ నల్లగా ఒకటి ఉండాల, యాడబోయింది?"

"దూడ మెడలో ఉండాది సూడు. దానికి ఎంత బాగుండాదో!"

మా పుంగనూరు ఆవు కొత్తగా ఈనింది. మోకాలెత్తు కూడా లేని ఆ దూడను వీధిన పోయే ప్రతి ఒక్కరూ ఆగి ముద్దు చేసి పోతున్నారు. దిష్టి తగులుతుందని అమ్మ దిగులు. నల్లతాడు కడితే తల్లి ఆవు నాకి నమిలి తెంపేస్తోంది. అలాంటప్పుడు ఎంత లాగినా తెగని నల్ల వస్తువు కళ్ల ముందు వేలాడుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

"కొసన రాగి తీగలు గూడా ఉండె గదప్పా. ముడేసుకునేదానికే పెట్టినావనుకుంటిని," అంది.

ఆ తీగలు మీటరుకు తగిలించడానికి. నేను అరిచాను. తెలియని వస్తువుల జోలికి యాల పోతావన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నా చదువును తీసకపోయి దూడ మెడకు కట్టినావు," అన్నాను. అమ్మ దూడ దగ్గరికి నడిచింది. పట్టీ విప్పి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక దీని పని అయిపోయిందనుకుంటూనే మీటరు తగిలించాను. లాగి వదిలాను. అంకె మొదటి చోటికి వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ అక్కడికే. చెయ్యి నొప్పెట్టేదాకా లాగినా అంకె మాట తప్పలేదు.

కొత్త రబ్బరు కొత్త చెప్పులాంటిది, తొక్కగా తొక్కగా దారికొస్తుంది. వాడే ముందు పట్టీని చాలాసార్లు సాగదీసి కుదుర్చుకోవాలని పుస్తకాల్లో ఉన్నదే. నేను పదిసార్లు లాగి చాల్లే అనుకునేవాణ్ని. దూడకు ఆ బద్ధకం లేదు. పాలు కుడుస్తూ, తల విదిలిస్తూ, గెంతుతూ ఐదు రోజులు వదలకుండా సాగదీసింది. నాకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. వంటింటి గడప దాకా వెళ్లి, మంచినీళ్లు మాత్రం తాగి వచ్చేశాను.

మర్నాడు బస్సు వెంకటగిరికోట దాటేదాకా ఆ పట్టీ నా జేబులోనే ఉంది. కుప్పంలో దాన్ని ఒక వేలికి తగిలించగానే రబ్బరు చెయ్యి టమాటాను పట్టుకుంది. టమాటా నలగలేదు, వదిలాక అంకె మొదటి చోటికే వచ్చింది. అంతా బాగుందనుకుంటుండగా సమీక్ష కమిటీలో పెద్దాయన అడిగాడు.

"దీన్ని ముందుగా ఏ మిషన్‌తో సాగదీసినావు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొంగుతో తుడిచిన అమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

"దూడతో సార్," అన్నాను.

గదంతా గొల్లున నవ్వింది. జరిగిందంతా చెప్పాను. పెద్దాయన పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "నిజమే, పాలవాసన ఉండాది," అని తేల్చాడు. "ఒక్కదాంతో ఒప్పుకోలేమప్పా. ఇట్లాంటివే ఇంకో నాలుగు చేసి సూపించు. మిషన్‌తో చేస్తావో, దూడతో చేస్తావో నీ ఇష్టం. అంశం మాత్రం మార్చాల్సిన పన్లేదు."

బస్టాండు నుంచే అమ్మకు ఫోన్ చేశాను. "నా చదువు నిలబడిందమ్మా. నీ వల్లే, దూడ సాగదీసినందుకే పట్టీ కుదిరింది. నిన్న నేను అరిచింది తప్పు," అన్నాను. ఇట్లాంటివే ఇంకొన్ని కావాలన్నారని చెప్తుంటే అవతల దూడ అరుస్తోంది.

"ఇంకా ఎన్ని పొయ్యాలంట?"

"నాలుగమ్మా."

"ఐదు పొయ్యి. నాలుగు నీ చదువుకు విప్పుకో. ఐదోదాని మీద చెయ్యేస్తే మాత్రం, ఈసారి అరిచేది నేను."