మూత పక్కన ఎర్ర కుర్చీ

మా పెద్దబాపు మొన్న ఐతారం పొద్దుగాల పోయిండు. మాదన్నపేటల మా ఇంట్లనే, చాయ్ తాగి మంచంల ఒరిగి పోయిండు. మ్యాన్‌హోల్ల పోలేదు. ఈ మాట గట్టిగ చెప్పాలనే ఇది రాస్తున్న. బతుకంతా పాతబస్తీ మోరీలు సాఫ్ చేసిన మనిషి మంచంల పోవుడు చిన్న ముచ్చట గాదు.

ఆయన తమ్ముడు, మా బాపుకు గా అదృష్టం లేకుండె. నేను మూడో తరగతిల ఉన్నప్పుడు "ఐదు నిమిషాల పని, దిగు భాయ్" అని ఎవరో ఇంటాయన తొందరపెడితె మ్యాన్‌హోల్ల దిగిండు. లోపటి గ్యాస్‌కు మళ్ల పైకి రాలే. పైన తాడు పట్టుకున్నది పెద్దబాపే. ఆనాటి సంది అమ్మ తెరిచిన మూత కనవడితె తొవ్వ మార్చుకుంటది. పెద్దబాపుకు ఇన్నేండ్లు బువ్వ పెట్టింది గని, పని ముచ్చట ఒక్కనాడు అడగలే.

మనిషి దిగే పని పెద్దబాపు ఆ రోజే బంద్ పెట్టిండు. ట్రాలీ ఆటోల నీళ్ల ట్యాంకు, మోటరు, పొడుగు పైపు పెట్టుకున్నడు. పైపు కొసకున్న నాజిల్ నీళ్లను జోరుగ వెనకకు చిమ్ముతది, ఆ జోరుకు పైపు తనంతల తానే ముందుకు పాకుతది. అడ్డమున్న నూనె జిడ్డు, బట్టలు, వెంట్రుకలు అన్నీ పగిలి కొట్టుకొస్తయి. నేను పెద్దగైనంక ఆ పైపు నా చేతికిచ్చిండు.

మూత తీయంగనే ఆయన అంచుకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టి కూసునేటోడు. ఎవలన్న దిగాల్నంటె ఆయన మీదికెళ్లి దిగాలె. చెవుల ఇత్తరు దూది పెట్టుకునేటోడు. "పెండ్లికి పోతున్నవా పెద్దమనిషీ?" అని నవ్వితె, "అవ్, మీ మోరీ పెండ్లికే" అనేటోడు. మోరీ పనోళ్లని వాడి పారేసే గిలాసల చాయ్ ఇస్తె ముట్టకపోయేటోడు. "మీరు తాగే గిలాసల పోయుండ్రి, లేకుంటె వద్దు" అనేటోడు. పోసేదాక మోటరు చాలు చేయకపోయేటోడు!

ఒకపారి నాజిల్ లోపట ఇరుక్కున్నది. కొత్త పైపు గదా అని నేను మోటరు బంద్ చేసి, మ్యాన్‌హోల్లకు వంగి చెయ్యి పెట్టిన. పెద్దబాపు కొట్టిన దెబ్బకు చెంప పగిలిపోయింది. ఆయన కత్తి తీసి పైపును కసక్కన కోసిండు.

"పైపు బజార్ల దొరుకుతది. నువ్వు దొరుకుతవా?"



పెద్దబాపు పోయిన మూడో రోజు సంతోష్‌నగర్ నుంచి ఒక ఇంటాయన ఫోన్ చేసిండు. గల్లీల మురికి నీళ్లు ఇంట్లకొస్తున్నయంట. "మా ఇంట్ల చావైంది, రాలేను" అన్న. "అయితే అడ్డా మీద కూలీ ఉన్నడు, వాన్ని దింపుత" అన్నడు. నా ఒళ్లు మండింది. "ఎవల్ని దింపకు, నేనొస్తున్న" అన్న. దినాలు గాకముందే ఆడపిల్ల పనికి పోతదా అని చుట్టాలు నోర్లు నొక్కుకున్నరు. నొక్కుకోనీ! ఆటో తీస్తుంటె అమ్మ వచ్చి ముందటి సీట్ల కూసున్నది. చెవుల ఇత్తరు దూది.

మేం పోయేసరికి మూత తీసి ఉన్నది. కూలీ అంగి ఇప్పి అంచున నిలబడ్డడు. "లేటయితది, వాడే దిగుతడు. ఐదు నిమిషాల పని" అన్నడు ఇంటాయన.

అమ్మ ఆటోలకెళ్లి ఎర్ర కుర్చీ దించింది. అంచుకు వేసి, చీర కుచ్చిళ్లు దోపుకొని, కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టి కూసున్నది.

"నా పెనిమిటికి చెప్పిన ఐదు నిమిషాలే ఇంక గాలే" అన్నది. మళ్ల కూలీ దిక్కు తిరిగి, "అంగి తొడుక్కో కొడుకా" అన్నది.

నేను గల్లీ కింది దిక్కున్న ఇంకో మూత తీసి, దాన్ల పైపు వదిలి మోటరు చాలు చేసిన. జెర సేపటికి అడ్డం పగిలింది. అమ్మ కాళ్ల కింద నీళ్లు ధన్ ధన్ ఉరుకుతున్నయి. కూలీ పక్కన నిలబడి అంగి గుండీలు పెట్టుకుంటున్నడు. నేనొచ్చి మూత మూసేదాక అమ్మ ఆ కుర్చీల నుంచి లేవలే.