నీళ్ల ట్యూబులో గీత

ఆ రోజు ల్యాబులో జెల్ ఫొటో, అంటే కాపీ అయిన డీఎన్ఏ గీతల్లా కనిపించే ఫొటో, రెండుసార్లు చూశాను.

గన్నవరం రోడ్డులో మా ల్యాబు. ఉయ్యూరు దగ్గర ఒక రైతు పసుపు చేను దుంపకుళ్లు తెగులుతో పోయి, ఒకే ఒక్క మొక్క మిగిలింది. ఆ మొక్క డీఎన్ఏలో మాకు తెలిసింది చిన్న ముక్క. దాని పక్కన ఏముందో తెలియదు. తెగులును తట్టుకున్న గుణం అక్కడే ఉందేమోనని మా మేడమ్ ఆశ. తెలియనిదాన్ని కాపీ చేయడానికి ఒక ఉపాయం ఉంది. తెలిసిన ముక్కకు అతుక్కుని కాపీ మొదలుపెట్టే ప్రైమరు అనే చిన్న తునక ఒకవైపు, ఎక్కడపడితే అక్కడ అతుక్కునే ప్రైమరు రెండోవైపు వేస్తాం. గుడ్డెద్దు చేలో పడ్డట్టే, అయినా ఒక్కోసారి ఫలిస్తుంది. పక్కనే డీఎన్ఏ లేకుండా ఉత్త నీళ్లతో ఒక ట్యూబు పెడతాం. అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే బయటి డీఎన్ఏ ఏదో కలిసిందని, ఇక మిగతావీ నమ్మలేం.

రెండు నెలల తర్వాత ఆ మొక్క ఆకు డీఎన్ఏ వేసిన వరసలో గీత వచ్చింది. నీళ్ల వరసలోనూ అదే ఎత్తులో ఇంకోటి వచ్చింది.

కారణం వెంటనే తట్టింది. ముందురోజు ఆయుధపూజ. డీఎన్ఏ కాపీ చేసే మిషనుకీ, చుక్కలు కొలిచే పిపెట్లకీ పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. వేరే ల్యాబువాళ్లయితే ఫర్వాలేదు, మేం పనిచేసేదే పసుపు మీద, ఆ పొడిలోనూ అదే డీఎన్ఏ. టిష్యూతో తుడిచేసి అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్ల నా చదువు ఆ పూట ఏ గంగలో కలిసిందో.

నీళ్ల వరస కత్తిరించి మేడమ్‌కి ఫొటో చూపించాను.

"నీళ్ల ట్యూబు?" అని అడిగారు.

"బాగానే ఉందండీ," అన్నాను.

ఆవిడ సంతోషం పట్టలేక అక్కడికక్కడే రైతుకి ఫోను చేసి, స్పీకరు పెట్టి టేబులు మీద ఉంచారు. మీ మొక్కలో ఏదో ఉందండీ, దొరికింది అన్నారు.

"పసుపు మానేసి అరటేద్దామనుకున్నానండీ. పిలకలక్కూడా చెప్పొచ్చాను. మీరింత మాట చెప్పాక ఇంకేం, అయ్యొద్దంటాను. వచ్చే ఏడూ పసుపే ఏస్తా," అన్నారాయన.

పిలకలు వద్దని చెప్పడానికి ఆయన ఫోను పెట్టేస్తారేమోనని భయమేసింది.

"మేడమ్, నీళ్ల ట్యూబులో కూడా వచ్చిందండీ," అన్నాను.

మేడమ్ నావైపు చూశారు. ఫోనులోంచి ఆయనే అడిగారు.

"నీళ్లలో ఏమొచ్చిందమ్మా?"

మేడమ్ ఫోనుని నా ముందుకు జరిపారు.