గెలిచినవాడే రావాలి

ఆళ్లగడ్డలో మా నాయనది కిరాణా అంగడి. బజారు చివర బట్టల అంగడి ఆయన్ని నేను మామా అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు, చిన్నప్పటి పిలుపు అంతే. ఇద్దరివీ చెరో పార్టీ. ఎన్నికల్లో ఏజెంట్లుగా ఎదురెదురు కూర్చుని ఓటు ఓటుకూ తగువులాడేవాళ్లు. ఫలితాలు వచ్చిన మరునాడు పొద్దున మాత్రం, గెలిచిన పార్టీ మనిషి కండువా ఇంట్లో వదిలేసి, ఓడినవాడి ఇంటికి కాఫీకి పోవాలి. ఓడినవాడు పోకూడదు, పోతే లొంగినట్టు. అక్కడ ఓట్ల మాట రాకూడదు. వానలు, శనగ పంట, ఇంట్లో పరిపించాలనుకున్న బేతంచెర్ల బండలు, ఇవే కబుర్లు.

నేను నంద్యాలలో ఒక పత్రిక డెస్కులో పనిచేస్తాను. బయటివాళ్లకు మా ఊరంటే సినిమాల్లో పేలే సుమోలు, తొడ కొట్టే హీరోలు. ఈ కాఫీ సంగతి చెబితే నమ్మరు. ఒకసారి దాని గురించి నాలుగు ముక్కలు రాసిచ్చాను. "మరీ మెత్తగా ఉందమ్మా, ఎవరు చదువుతారు" అని పక్కన పెట్టేశారు. మా శీర్షికల్లో ఎవరూ ఓడిపోరు, చిత్తవుతారు. ఎవరూ మాట్లాడరు, నిప్పులు చెరుగుతారు.

మొన్నటి ఎన్నికల్లో మామ పార్టీ గెలిచింది. రాత్రంతా డెస్కులో పనిచేసి పొద్దున బస్సుకు ఇంటికి వచ్చాను. అప్పటికే మా అరుగు మీద నాయన పార్టీ కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

"పెద్దాయనా, ఆయప్ప వస్తే తలుపు తీయొద్దు. తీసినావంటే అమ్ముడుపోయినావని వీడియో పెడతాం," అన్నాడొకడు.

ముప్పై ఏళ్లు ఆ పార్టీ జెండా మోసిన మనిషి నాయన. లోపలికొచ్చి గడియ పెట్టాడు. వంటింట్లో అమ్మ అప్పటికే డికాషన్ వేసింది.

కాసేపటికి మామ వచ్చాడు. భుజం మీద కండువా లేదు. తలుపు తట్టాడు. నేను లేవబోతే నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తలుపు వైపు చూడలేక తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, అంతలోనే జాలేసింది.

"చెప్పులు ఈడనే ఉండాయి, మనిషి యాడికి పోయినాడో," అని బయట ఒకడు అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

కిటికీ సందులోంచి చూశాను. మామ గడప దగ్గరున్న నాయన చెప్పుల వంక చూశాడు.

"వేరేవి ఏసుకొని పోయింటాడు లేప్పా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ వీడియో డప్పుల మోతతో ఊరంతా తిరిగింది. గెలిచినోడి మొహాన తలుపేసిన మగాడట మా నాయన. మా డెస్కులో కూడా దాన్ని గట్టి వార్త అన్నారు, బాక్సు కట్టి వేశారు. నాయన ఫోను ఆపేసి పడుకున్నాడు.

ఆ తర్వాత ఆయన బజారు చివరికి పోవడమే మానేశాడు. మామ ఎదురవుతాడని సందులు తిరిగి వచ్చేవాడు. పోయి ఒక్క మాట చెప్పి రమ్మని నేను ఎన్నోసార్లు పోరాను.

"ఓడినోడు పోగూడదు పాపా. ఈ తూరి మనోళ్లు గెలవనీ, పొద్దున్నే నేనే పోతా," అనేవాడు. నిజంగానే ఆ పొద్దు కోసం కాచుకున్నాడు. వానాకాలంలో మామ గుండె ఆగి చనిపోయాడు.

ఆ రోజు మాత్రం నాయన గెలుపూ ఓటమీ చూడలేదు. నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి పోయాడు. ఎవరు వీడియో తీయడానికి ఫోను ఎత్తినా మొహం తిప్పుకోలేదు. అత్త ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్న్యానమ్మా."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయప్పకు తెలుసు అన్నా. ఇంటికొచ్చి చెప్పినాడు, లోపల డికాషన్ వాసన వస్తాండాది, నాకోసరమే పెట్టింటారు అని. పొద్దెక్కేదాంక ఈడ కాఫీ తాగలేదు. నువ్వొచ్చి పిల్చుకొని పోతావేమో అని చూసినాడు."

చావు జరిగిన ఇల్లు, ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నాయన అక్కడే చీకటి పడేదాకా కూర్చున్నాడు.