బోర్డు కట్టిన సాయంత్రం

మా బావది లేత్ పని. ఎంత మొండి ఇనుమైనా ఆయన మాట వింటుందిగానీ, ఆయన మాత్రం మా అక్క మాట వినడని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. తండ్రి నుంచి ఆయనకి వచ్చిన ఆస్తి ఒక్కటే. సైన్యం వాళ్ళు అరగదీసి వేలం వేసిన పాత లారీ. మావయ్య ఉన్నంతకాలం దానితో రాళ్ళు తోలి ఇల్లు నడిపాడు. ఆయన పోయాక అది పల్లంలో ఉన్న ఓ అద్దె దొడ్డిలో, రేకుల కింద, చక్రాలు మట్టిలో దిగబడి ఏళ్ళ తరబడి పడి ఉంది.

అక్క దాన్ని సవతి అనేది. "అన్నం మీ రెండోదాని దగ్గరికే పంపించమంటారా?" అని గేటు దగ్గర నిలబడి అరిచేదే తప్ప లోపల అడుగు పెట్టేది కాదు. నేను అక్క పక్షమే. పని నుంచి వచ్చిన మొగుడు పెళ్ళాం మొహమైనా చూడకుండా వెళ్ళి బానెట్‌లో తల దూరిస్తే ఎవరికి మండదు?

ఆ ఏడు యజమాని దొడ్డి అమ్మేశాడు. చలికాలం వెళ్ళేలోగా లారీ తీసెయ్యాలి. లేదంటే కొన్నవాళ్ళు దాన్ని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోయించి పాత ఇనుముకింద తోలేస్తారు. దొడ్డి నుంచి రోడ్డుకి ఎక్కే సందు ఇరుకు, పైగా బాగా ఎత్తు. క్రేన్ దిగదు. లారీ తనంతట తను ఎక్కి రావాల్సిందే.

బావ ఇంజను మొత్తం విప్పాడు. పట్టేసిన పిస్టన్లని కిరసనాయిలు పోసి నానబెట్టాడు, దొరకని వాల్వులు లేత్ మీద తనే చెక్కి తీశాడు. లైటు పట్టుకోవడం నా ఉద్యోగం. "బావా, దీన్ని కదిలించడంకంటే నాకు సంబంధం కుదర్చడం తేలిక" అంటే, "అంత ఆశ పెట్టుకోకు" అనేవాడు.

ఆ లారీకి సైన్యం నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. మాది కొండ మీది ఊరు, చలికాలం రాత్రుళ్ళు నీళ్ళు గడ్డకడతాయి. ఇంజను చల్లబడడానికి పోసిన నీళ్ళు అలా గడ్డకడితే అది పగులుతుంది. అందుకని సాయంత్రం పని అవగానే మావయ్య కిందకి దూరి, కుళాయిలు విప్పి నీళ్ళన్నీ వదిలేసేవాడు. అది అయ్యాకే "నీళ్ళు లేవు" అని రాసిన రేకు బోర్డు స్టీరింగ్‌కి కట్టాలి. బోర్డు ఉందంటే ఇక ఎవరూ కుళాయి ముట్టుకోరు. ఆ బోర్డు కట్టేది బావ వాళ్ళమ్మ, మా అత్తయ్య.

ఒక ఆదివారం సాయంత్రం ఇంజను అంటుకుంది. ముందు దగ్గింది, నల్లగా కక్కింది, ఆ తర్వాత దొడ్డి రేకులు గడగడలాడేలా తిరిగింది. బావ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, పొగవల్ల అని చెప్పను. చప్పుడు విని అక్క పరుగెత్తుకొచ్చింది. మొదటిసారి గేటు దాటి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "ఒళ్ళు కాలిపోతోందండీ దీనికి!" అంది.

మర్నాడు పొద్దున్నే పైకి ఎక్కించేద్దాం అనుకున్నాం. ఇంజను కాస్త చల్లారాక నీళ్ళు వదలొచ్చని, సందులో అడ్డంగా పెట్టిన బళ్ళు తీయమని చెప్పడానికి బావా నేనూ వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అక్క ఇంటికెళ్ళిపోయింది. స్టీరింగ్‌కి బోర్డు వేలాడుతోంది.

బావ దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. "చూశావట్రా? కుళాయిలు ఎలా విప్పాలో అన్నం తినేటప్పుడల్లా చెప్పేవాణ్ణి. చెవిన వేసుకుంటూనే ఉందన్నమాట!" గేటుకి తాళం వేసి, దారంతా ఈల వేసుకుంటూ నడిచాడు.

పొద్దున వెళ్ళేసరికి దొడ్డిలో బకెట్ నీళ్ళు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. ఇంజనుకి ఒక పక్క పైనుంచి కిందదాకా పగులు. అందులోంచి ఐసు తెల్లగా పొడుచుకొచ్చింది.

"పగులు సిలిండర్లోకి పోయింది" అన్నాడు బావ. అంతే. అలాంటి ఇంజను ఇంకెక్కడా దొరకదు, లేత్ మీద తీసే వస్తువూ కాదు. కోపం ఆపుకోలేక నేను అక్క మీద నోరు చేసుకోబోతే నా చెయ్యి నొక్కేశాడు. అడిగినవాళ్ళందరికీ, "నీళ్ళు వదలడం నేనే మర్చిపోయాను" అని చెప్పాడు.

కట్టర్ వాళ్ళు వచ్చిన రోజు అక్క లారీకి అడ్డంగా నిలబడింది. ఈ పీడ ఎప్పుడు విరగడవుతుందా అని ఏళ్ళ తరబడి తిట్టిన మనిషే, ముట్టుకుంటే ఊరుకోనంది. బావే వెళ్ళి భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చాడు. కట్టర్ మంట మొదట తలుపుల మీద పడింది.

"మీరు మర్చిపోయే మనిషి కాదు" అంది అక్క. "బోర్డు చూశారా?"

"చూశాను."

"అత్తయ్య రోజూ కట్టేది కదా. కట్టడం పెళ్ళాం వంతు, నీళ్ళు వదలడం మీ వంతు అనుకున్నాను. ముందెవరు, వెనకెవరు నాకేం తెలుసండీ? మరి మీరొచ్చి కుళాయి విప్పలేదేం?"

బావ తెగిపడుతున్న ఇనుము వంకకి తిరిగాడు.

"నువ్వు కట్టావని చూశాక, ఇంకేమీ చూడాలనిపించలేదే."

అక్క అక్కడే మట్టిలో కూలబడింది. కట్టర్ వాళ్ళు పని ఆపి మా వంక చూశారు.

"కానివ్వండి" అన్నాడు బావ.